క్లచ్ మాస్టారి కారుకు కొత్త బుష్‌లు

నాన్న లేచేలోపు ఇది అయిపోవాలి. ఆయన మధ్యాహ్నం నిద్రకు ఒక పద్ధతంటూ లేదు, ఒక్కోసారి ఎండ షెడ్డు రేకులు దాటి పక్కింటి గోడ ఎక్కేదాకా పడుకుంటాడు, ఒక్కోసారి కునుకు పట్టకముందే లేచి కూర్చుని తాళం ఏదంటాడు, ఈరోజు మాత్రం తప్పకుండా అడుగుతాడు, సాయంత్రం అక్కను ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిస్తున్నారు, అక్క ఒళ్ళో కళ్ళింకా సరిగా తెరవని పసిగుడ్డు, ఆస్పత్రేమో కొండ మీద, ఆ రోడ్డు ఎక్కడమూ దిగడమూ తనే చేస్తానన్నాడు నాన్న, నా మనవరాలు మొదటిసారి ఎక్కే బండి నేను నడపాలి గాని ఎవడో అద్దె బండివాడా అన్నాడు, బావ సరే మావయ్యా అని ఊరుకున్నాడు, ఊరుకోక ఏం చేస్తాడు, బావకు డ్రైవింగ్ నేర్పిందీ నాన్నే, సంబంధం మాట రాకముందే అతను క్లచ్ వదిలే తీరు చూసి వీడు నిదానస్తుడు, పిల్లనివ్వొచ్చు అని తేల్చేసిన మనిషి. నేను ముందు సీట్ల మీద అడ్డంగా పడుకుని ఉన్నాను, హ్యాండ్‌బ్రేకు డొక్కలో గుచ్చుకుంటోంది, గేరు లివరు చుట్టూ ఉండే ప్లాస్టిక్ డబ్బా ఊడదీసి వెనక సీట్లో పడేశాను, తోలు తొడుగు పైకి మడిచి రబ్బరు బ్యాండు వేశాను, తలకిందులుగా చూస్తే లివరు కింద అంతా దుమ్ము, జుట్టు పిన్నులు, ఒక పెన్ను మూత, ఎవరిదో చొక్కా బొత్తం, ఈ ఊళ్ళో సగం మంది ఈ కారులోనే నేర్చుకున్నారు, భయపడినవాళ్ళు ఏదో ఒకటి జారవిడిచి పోతారు కాబోలు.

బుష్ అంటే పెద్ద వస్తువేం కాదు, గేరు లివరు కూర్చునే పీటకు నాలుగు మూలలా బోల్టులుంటాయి, ఇనుముకు ఇనుము తగలకుండా ఒక్కో బోల్టుకు ఒక రబ్బరు గాజు తొడుగుతారు, అంతే. కొత్తలో అది బిగువుగానే ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ వేడికి పెళుసెక్కి, నూనె తాగి, నమిలి ఉమ్మిన చెరుకు పిప్పిలా అవుతుంది, అప్పుడు లివరు తోస్తే ముందు పీట కదులుతుంది, గేరు ఆ తర్వాత కదులుతుంది, మనం మూడు అంటే అది కాసేపు ఆలోచించుకుని అయిదు అంటుంది. గేరు దొరకడం లేదు అని నాన్న అనడం మొదలుపెట్టినప్పుడు నేను చదివి తెలుసుకున్నది ఇది. ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే, నీళ్ళ పరీక్షల ల్యాబులో ఉద్యోగం, అందుకని అర్థం కానిది ఏదొచ్చినా అందరూ నా మొహం చూస్తారు, మిక్సీ ఆగినా, కరెంటు బిల్లు పెరిగినా, అమ్మ మోకాలు వాచినా నేను చదివి చెప్పాలి, నేను చదివి చెప్పాను, నాన్నా రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి, మళ్ళీ రబ్బరే వేస్తే మళ్ళీ అరుగుతాయి, గట్టి ప్లాస్టిక్‌వి వస్తున్నాయి, ఒకసారి వేస్తే కారు పోయినా అవి పోవు అని. నాన్న మొహంలో ఎంత వెలుగొచ్చిందో. చూశావా, నేను చెప్తూనే ఉన్నా, బండిదే లోపం అని అమ్మ వైపు తిరిగి అన్నాడు, అమ్మ పప్పులో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది, ఆ పప్పు అమ్మ పొద్దున్నే ఏరేసింది, నాకు తెలుసు, అప్పుడు పట్టించుకోలేదు.

లివరు నుంచి గేరు పెట్టెకు పోయే కేబుళ్ళకు ఇంజను వైపు చివర్ల ఉన్న బుష్‌లు పొద్దున్నే మార్చేశాను, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే టప్పున ఊడొచ్చాయి, అవి నిజంగానే పొడిపొడిగా ఉన్నాయి, వేలితో నలిపితే రాలాయి, నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను, అరిగింది, అరిగింది, బుష్‌లే అరిగాయి అని పైకే అనుకున్నాను, ల్యాబులో చెడ్డ నీళ్ళు దొరికితే సంతోషించినట్టు, కారణం దొరికితే సగం రోగం పోయినట్టే అని మా పెద్ద మేడమ్ అంటుంది. ఇప్పుడు పీట కింద మొదటి బోల్టు విప్పి రబ్బరు పైకి లాగాను. ఇది పొడి కాలేదు. పాతబడింది, అంచులు అరిగాయి, నల్లగా మెరుస్తోంది, కానీ గట్టిగా నొక్కితే వెనక్కి తిరిగి వస్తోంది. రెండోదీ అంతే. ఈ మాత్రం అరుగుదలతో నాకు గేరు దొరుకుతూనే ఉందిగా, పోయిన వారం ల్యాబుకు ఈ కారులోనే వెళ్ళాను, కాస్త తడుముకోవాల్సొచ్చింది, అంతే, పాత ఇంటి తలుపు ఏ మూల పట్టి తోయాలో తెలిసినట్టు చేతికి తెలిసిపోతుంది, అలా తెలియడమే డ్రైవింగ్ అని నేర్పింది ఎవరు.

కళ్ళు రోడ్డువి, గేరు చేతిది. అందరికీ మొదటి పాఠం ఇదే, దానికి ముందు క్లచ్, క్లచ్ మీద ఆయన ఎన్ని రోజులు కూర్చోబెడతాడంటే ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలవడం ఎప్పుడో మానేశారు, క్లచ్ మాస్టారనే అంటారు, అమ్మను క్లచ్ మాస్టారమ్మ అంటారు, చిన్నప్పుడు బళ్ళో నన్ను చిన్న క్లచ్ అనేవాళ్ళు, ఏడ్చేదాన్ని. క్లచ్ కుదిరాక గేరు, గేరు మీద జేబురుమాలు కప్పేస్తాడు, అంకెలు కనపడకుండా, చూడకూడదు, చూస్తే కారు గోడకు పోతుంది, మొదట్లో అందరూ తల వంచి చూడబోతారు, వంచిన తల మీద మెల్లగా ఒకటి మొట్టి, అది నీ అన్నం గిన్నె కాదమ్మా చూసి కలుపుకోడానికి, చెయ్యి అడుగుతుంది, అది చెప్తుంది, మధ్యలో నువ్వెందుకు అంటాడు. నా చేతి మీద ఆయన చెయ్యి వేసి మూడులోకి తీసుకెళ్ళిన రోజు గుర్తుంది, తోయలేదు, లాగలేదు, ఊరికే అలా వాల్చాడు, లోపలెక్కడో ఒక పన్ను ఇంకో పన్ను సందులో ఒదిగిన చప్పుడు అరచేతికి వినబడింది, వినబడింది కదా, అదీ, ఇక జన్మలో మర్చిపోవు అన్నాడు. అలాంటి మనిషి మొన్న కొండ ఎక్కుతూ తల వంచి గేరు వైపు చూశాడు. ఒక్క క్షణం. నేను వెనక సీట్లో ఉన్నాను, అద్దంలో ఆయన కళ్ళు లేకపోవడం చూశాను, రోడ్డు మీద ఉండాల్సిన కళ్ళు కిందికి పోయాయి, రెండు వేయబోయి నాలుగులోకి లాగాడు, ఇంజను గింజుకుని ఆగిపోయింది, కారు వెనక్కి జారింది, వెనక ఒక లారీ, దాని హారను ఇంకా నా వెన్నులో ఉంది, బ్రేకు పట్టింది కాబట్టి సరిపోయింది, లారీ ముక్కుకూ మా కారుకూ మధ్య ఒక మనిషి పట్టడు. నాన్న దిగి టైరును తన్నాడు, లివరు లూజయిపోయింది, చంపేస్తుందిది అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. అవును నాన్నా, లూజయింది అని నేనే అన్నాను.

ఒకటి చాలా రోజులుగా మా కళ్ళ ముందే ఉంది. పక్క సీట్లో కూర్చుని నేర్పేటప్పుడు నాన్నకు ఏ గేరయినా దొరుకుతోంది, ఇప్పటికీ, నేర్చుకునేవాడి చేతి మీదుగా చూడకుండా వేసేస్తాడు. డ్రైవరు సీట్లో కూర్చుంటేనే దొరకడం లేదు. అదేం చిత్రం అని బావ అంటే నేను కాగితం తీసి బొమ్మ గీశాను కూడా, పక్క నుంచి లాగినప్పుడు లివరు ఒరిగే కోణం వేరు, ఇటు నుంచి తోసినప్పుడు వేరు, అరుగుదల ఒక వైపే ఎక్కువగా ఉంటే ఇలా అవుతుంది అని, అందరూ తలలూపారు, నాన్న అందరికంటే గట్టిగా ఊపాడు. పక్క సీట్లో కూర్చుంటే గేరు మీద పడేది కుడి చెయ్యి, డ్రైవరు సీట్లో కూర్చుంటే పడేది ఎడమ చెయ్యి, ఇంతే సంగతి, చిన్నపిల్లలకైనా తడుతుంది, మాకు తట్టలేదు, తట్టినా ఎవరం అనలేదు. మూడో బోల్టు ఒక పట్టాన రావడం లేదు. చొక్కా బొత్తాలు నాన్న ఒక చేత్తో పెట్టుకుంటున్నాడు, వయసు. గ్లాసు జారింది, తడిగా ఉంది. వేడి గిన్నె పట్టుకున్నాడు, పెట్టేశాడు, భోజనానికి కూర్చున్నాక చూస్తే చిటికెన వేలు మీద బొబ్బ, ఎప్పుడు కాలిందో తెలియలేదట, చర్మం కాదే ఇది, ఇన్నేళ్ళ గేరు రాపిడికి టైరయిపోయింది అని నవ్వాడు, మేమూ నవ్వాం. వచ్చింది. బోల్టు ఊడిన జోరుకు నా మణికట్టు గీరుకుపోయి రక్తం వచ్చింది, మండుతోంది, మండుతున్నట్టు తెలుస్తోంది, తెలియడం ఎంత గొప్ప విషయమో.

గట్టి బుష్ చల్లగా ఉంటే రంధ్రంలోకి దిగదు, మరిగే నీళ్ళలో కాసేపు వేస్తే మెత్తబడుతుంది, అమ్మను నీళ్ళు కాచమన్నాను. గిన్నె మసిగుడ్డతో పట్టుకుని వచ్చింది, కారు తలుపు దగ్గర నేల మీద పెట్టింది, పోలేదు. నీళ్ళలో తెల్లటి బుష్‌లు మునిగి తేలాయి, అమ్మ వాటిని చూస్తూ, ఇవి వేస్తే గేరు బాగా పడుతుందా అని అడిగింది. పడుతుందమ్మా అన్నాను. ఎవరు వేసినా పడుతుందా అంది. చెయ్యి ఆగింది నాది. ఎవరు వేసినా పడాలి అన్నాను. అమ్మ తలుపు పట్టుకుని కాస్త వంగింది, లోపల నాన్న నిద్ర లేస్తాడేమోనని గొంతు తగ్గించింది.

“ఆ పాతవే పెట్టేయవే. దాని మీద అరుస్తున్నాడు, అరవనీ. దానికి నొప్పా ఏమన్నానా.”

నీకు ఎప్పటి నుంచి తెలుసని నేను అడగలేదు. అడిగితే అమ్మ చెప్తుంది, ఆ రోజు తారీఖు ఏదో ఉంటుంది, ఆ తారీఖు తర్వాత ఆయన పక్కన కూర్చుని ఎన్నిసార్లు ఆ కొండ ఎక్కిందో నేను లెక్క వేసుకోవాల్సి వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్దామని అమ్మ అందట, ఒకసారి, దేనికి, నాకేమయిందని నాన్న అడిగాడట, అంత మెల్లగా అడిగాడట, కేకలేసుంటే బాగుండేది అంది. మరి సాయంత్రం అక్కను ఎలా తెస్తాం అన్నాను. బుష్ కుదరలేదని చెప్పు, లివరు ఊడిపోయేలా ఉంది, పట్టు నాకే తెలుసు, నేనే తోలాలని చెప్పు, నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్తే నమ్ముతాడు అంది అమ్మ. రేపు? ఎల్లుండి? రేపు సంగతి రేపు అంది, మసిగుడ్డ భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ల్యాబులో మాకు నేర్పే మొదటి సంగతి, రెండింట్లో ఏది చెడిందో తెలియనప్పుడు ఒకటి మార్చు, రెండోది అలాగే ఉంచు. గొట్టం మార్చి తొట్టి ఉంచు. తేడా రాకపోతే చెడింది తొట్టే. నేను ఇప్పుడు చేస్తున్నది అదే, పొద్దుటి నుంచి అదే చేస్తున్నాను, నాన్నకు సాయం చేస్తున్నాననుకుంటూ చేస్తున్నాను. నీళ్ళలో వేళ్ళు పెట్టి బుష్ తీశాను, కాలింది, రంధ్రానికి ఆనించి బొటనవేళ్ళతో అదిమాను, దిగింది, గ్రీజు రాశాను, బోల్టు దూరే ఇనప గొట్టం ముక్క అందులో తొడిగాను, నాలుగూ అయ్యాయి, పీట కూర్చోబెట్టాను, నట్టులు చేత్తో తిప్పాను. చేత్తో తిప్పిన బిగువు దగ్గర ఆపితే చాలు. అంతకు మించి పానా పెట్టక్కర్లేదు. పీట ఆడుతుంది, లివరు తాగుబోతులా తూలుతుంది, నాన్న చూసి ఛీ అంటాడు, ఏం బుష్‌లే ఇవి, పాతవే నయం అంటాడు, నన్ను తిడతాడు, నీ చదువు తగలెయ్య అంటాడు, ఆ తిట్టు ఎంత హాయిగా ఉంటుందో, నేను నడుపుతాను, ఆయన అరుస్తూ పక్కన కూర్చుంటాడు, పాప ఇంటికి వస్తుంది. ఎల్లుండి నేను ల్యాబులో ఉంటాను. ఎల్లుండి ఆయన ఎవరినీ అడగకుండా తాళం తీసుకుంటాడు, లూజు సంగతి తెలుసుగా అనుకుంటాడు, వెనక సీట్లో అక్క ఉంటుంది, చంటిదానికి సూది వేయించాలి, మళ్ళీ ఆ కొండే. పానా తీసుకున్నాను. ఎదురెదురు మూలలు బిగించు, ఒక పక్కే బిగిస్తే పీట వంకరపోతుంది, ఇదీ ఆయన చెప్పిందే, ఇంట్లో కరెంటు బల్బు మార్చడం నుంచి ప్రతీదీ ఆయన చెప్పిందే, బిగించాను, ఇంకో చుట్టు, ఇంకో సగం చుట్టు, ఇక చాలని ఇనుమే చెప్పేదాకా.

డ్రైవరు సీట్లోకి జరిగి ఇంజను ఆన్ చేశాను. లివరు మీద చెయ్యి వేయగానే ఉలిక్కిపడ్డాను. ఇంతకాలం రబ్బరు మింగేసినదంతా ఇప్పుడు సూటిగా పైకి వస్తోంది, ఇంజను వణుకు మొత్తం లివరులోకి, లివరులోంచి నా అరచేతిలోకి, మోచేతి దాకా సన్నగా జివ్వుమంటూ పాకుతోంది, చెయ్యి తీస్తే ఆగింది, పెడితే మళ్ళీ. ఒకటి వేశాను, రెండు, మూడు, ఎక్కడా తడుములాట లేదు, అన్నీ దేని చోట అవి, తాళంలో తాళంచెవి తిరిగినట్టు. ఇంత చక్కగా ఈ కారు ఎప్పుడూ లేదు. ఏడుపొచ్చింది.

చప్పుడుకు లేచినట్టున్నాడు, గుమ్మంలో నిలబడ్డాడు, లుంగీ విడిచి ప్యాంటు ఎప్పుడు వేసుకున్నాడో, తల దువ్వుకున్నాడు, మనవరాలి కోసం. అయిందా అన్నాడు. తలూపి దిగాను. నాన్న కూర్చున్నాడు, సీటు సర్దుకున్నాడు, అద్దం సర్దుకున్నాడు, క్లచ్ తొక్కి లివరు మీద చెయ్యి వేశాడు. అమ్మ అటువైపు తలుపు తీసి పాప కోసం ఉతికిన బట్టల మూట పక్క సీట్లో పెట్టబోయింది, బరువుకు ముందుకు తూలి పట్టు కోసం లివరు కింద కడ్డీని పట్టుకుంది, వెంటనే వదిలేసింది.

“అమ్మో, ఇదేంటే ఇలా ఒణుకుతోంది? చెయ్యి జివ్వుమంది.”

నాన్న అమ్మ మొహం చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. తర్వాత తల వంచి తన చేతిని చూసుకున్నాడు, అది లివరు మీద నిండుగా, వేళ్ళన్నీ మూసుకుని, మొదటి నుంచీ అక్కడే ఉంది. వేళ్ళు తెరిచి మూశాడు. ఇంకోసారి తెరిచి మూశాడు. పొయ్యి రాజిందో లేదో చూసుకునేవాళ్ళలా అరచేతిని లివరు మీద ఆనించి ఉంచాడు, చాలాసేపు ఉంచాడు, ఇంజను తిరుగుతూనే ఉంది. అమ్మ మూట ఒళ్ళోకి తీసుకుని నేల వైపు చూస్తోంది, తన నోటితోనే అనేసింది కదా. నాన్న మూడు కోసం తోశాడు, అది ఎక్కడికీ పోకుండా మధ్యలో ఆగింది, ఇంకోసారి తోశాడు, ఆగింది. నా వైపు తిరిగాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు, సరిగా కూర్చోలేదు నాన్నా అనమని అడుగుతున్నాడు, అమ్మ అడిగినట్టే, మాట పైకి రాకుండా అడుగుతున్నాడు.

“బిగిసిందా లేదా, నువ్వే చెప్పు.”

“బిగిసింది నాన్నా.”

ఇంకేమైనా చెప్పాలి, నరాల డాక్టరు ఉన్నాడని, మెడలో ఎక్కడో నొక్కుకుని ఉంటుందని, తొందరగా చూపిస్తే బాగుపడినవాళ్ళున్నారని, ఇవన్నీ నేను చదివినవే, రాత్రి చదివాను, బుష్‌ల గురించి చదువుతూ చదువుతూ అటు వెళ్ళిపోయాను, కానీ చేతి గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాను. నాన్న లివరు మీంచి చెయ్యి తీశాడు. అయితే నువ్వే తోలు అన్నాడు, మంచినీళ్ళివ్వు అన్నంత మామూలుగా. దిగాడు, పక్క సీటు వైపు వెళ్తాడనుకున్నాను, అమ్మ కూడా అనుకుందేమో జరిగి దారిచ్చింది, ఆయన వెనక తలుపు తీసి, నేను పడేసిన ప్లాస్టిక్ డబ్బా ఓ పక్కకు జరిపి అక్కడ కూర్చున్నాడు. అమ్మ ఆ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉంది, దాని ముందు ఆయన కాళ్ళకు అరిగిన రెండో బ్రేకు పెడలు, రెండో క్లచ్ పెడలు. నేను కూర్చుని ఒకటి వేశాను, చెయ్యి నిండా ఆ వణుకు, కళ్ళు మసకేసి క్లచ్ తొందరగా వదిలేశాను, కారు ఎగిరిపడింది, గేటు దాకా గుర్రంలా గంతులేసింది, బట్టల మూట అమ్మ ఒళ్ళోంచి జారి కింద పడింది. తిడతాడని ఆగాను. అద్దంలో ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు.